నూట యాభై ఇస్తామన్నారు, ఎనిమిది వేలు అడిగాను, ఆపైన మాట లేదు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది మద్దిలపాలెం. రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మూడేళ్ళుగా డొమైన్ పేర్లు, అంటే వెబ్‌సైట్ల అడ్రసులు, తిరిగి అమ్ముదామని కొంటున్నాను, 40 అయ్యాయి. ఇంతవరకు ఒక్కటీ అమ్మలేదు. వాటిలో బాగుందనుకునేది కోల్డ్ స్టోరేజీ వ్యాపారానికి పనికొచ్చే రెండు ఇంగ్లిషు మాటల డాట్ కామ్. ధర వేయకుండా ‘ఆఫర్ చెప్పండి’ అని ఒక ఆన్‌లైన్ మార్కెట్‌లో పెట్టాను. పన్నెండు రోజుల కిందట ఎవరో 150 డాలర్లు ఇస్తామన్నారు. నేను కొన్నది 900 రూపాయలకే, అయినా మరీ 150 అనేసరికి ఒళ్ళు మండి 8,000 డాలర్లు అని కొట్టాను. అటునుంచి మళ్ళీ మాట లేదు. మా ఆవిడేమో ‘వచ్చినకాడికి ఇచ్చేయకపోయారా’ అంటోంది. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నట్టుంది నా పని. అత్యాశకు పోయానా? ఇప్పుడు మళ్ళీ నేనే మెసేజ్ పెడితే లోకువైపోతానా? ఇంకో సంగతి. గూగుల్ డేటా సెంటర్ వైజాగ్‌కు వస్తోందన్న వార్త రాగానే ఆ కంపెనీ పేరూ మన ఊరి పేరూ కలిపి రెండు పేర్లు తీసుకున్నాను. వాళ్ళకే మెయిల్ రాసి అమ్మొచ్చా?
ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తమ్ముడూ, ఆఖర్న అడిగినదానికి ముందు చెప్తాను, అది ఆగే విషయం కాదు. గూగుల్‌కు ఆ మెయిల్ రాయకు. రాసి డ్రాఫ్ట్‌లో పెట్టుకుని ఉంటే తీసెయ్. ఎందుకో కింద చెప్తాను.

ఇక 150 సంగతి. నువ్వు అత్యాశకు పోయావని నేననుకోను. కానీ నీ ఉత్తరం మూడుసార్లు చదివినా ఆ 8,000 ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు దొరకలేదు. అలాంటి పేర్లు ఎంతకు అమ్ముడుపోయాయో చూసి చెప్పింది కాదు, ఆ పేరు ఎవరికి పనికొస్తుందో ఆలోచించి చెప్పిందీ కాదు. మూడేళ్ళు కట్టిన డబ్బు, ఒక్కటీ అమ్ముడుపోని బాధ, ఆ 150 చూసి వచ్చిన కోపం, అన్నీ కలిసి 8,000 అయ్యాయి. అకౌంట్స్ చూసేవాడివి కాబట్టి ఆ బాధను లెక్కలో పెట్టి చూద్దాం.

డాట్ కామ్ రెన్యువల్ పేరుకు 1,100 రూపాయలనుకుందాం. 40 పేర్లకు ఏడాదికి 44,000. పేర్లు కొని పెట్టుకున్నవాళ్ళకు ఏడాదికి నూటికి ఒకటో రెండో అమ్ముడుపోతాయని ఈ పనిలో పాతవాళ్ళు చెప్పుకునే లెక్క. ఒకటే అనుకుంటే నీ 40 పేర్లలో ఒక్కటి కదలడానికి రెండున్నరేళ్ళు పడుతుంది. అప్పటికి రెన్యువల్స్‌కే 1,10,000 పోతాయి. మార్కెట్‌వాళ్ళ కమీషన్ ఉంది. ఏ మార్కెట్, ఏ పద్ధతి అన్నదాన్ని బట్టి అది చాలాచోట్ల 10 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. 20 వేసుకుందాం. డాలరు 90 రూపాయలనుకుంటే, ఆ ఒక్క పేరు 1,530 డాలర్లకు పోతేనే నీ ఖర్చు నీకు తిరిగొస్తుంది, లాభం సున్నా. 150 అన్నవాళ్ళకు ఇచ్చేసి ఉంటే కమీషన్ పోగా చేతికి 10,800 వచ్చేవి. మూడు నెలల రెన్యువల్స్‌కు కూడా చాలవు. కాబట్టి ‘వచ్చినకాడికి ఇచ్చేయ్’ అన్నది ఈ పేరు విషయంలో సరికాదు.

అయితే మీ ఆవిడ మాటలో నిజం ఇంకోచోట ఉంది. గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పు, ఆ 40లో ఎవరైనా వ్యాపారం చేసుకునేవాళ్ళు తమ బోర్డు మీద రాయించుకోదగ్గవి ఎన్ని? పన్నెండు ఉంటాయా? రేపో మాపో అమ్మకమంటూ జరిగితే అది ఎలాగూ ఆ పన్నెండులోంచే జరుగుతుంది. మిగతా 28 పేర్ల బరువు నీ మంచి పేరు మోస్తోంది. వాటిని గడువు తీరాక వదిలేస్తే ఏడాది ఖర్చు 13,200కు దిగుతుంది, అదే రెండున్నరేళ్ళకు 33,000. అప్పుడు ఖర్చు తిరిగి రావడానికి ఒక పేరు 460 డాలర్లకు పోతే చాలు. 1,530 ఎక్కడ, 460 ఎక్కడ! నీకు బేరం చేయడం రాక కాదు తమ్ముడూ, ఆ 28 పేర్లే నిన్ను స్థిమితంగా బేరం చేయనివ్వడం లేదు. వాటి రెన్యువల్ ఆపేసిన రోజున 150 అన్న మనిషి మీద నీకు కోపం రాదు. రాకపోతేనే మాట సాగుతుంది.

ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల వేలంపాట చూసే ఉంటావు. ఎండెక్కేకొద్దీ అమ్మేవాళ్ళ పట్టు సడలుతుంది, సరుకు ఆగదు కదా. పేరు కుళ్ళిపోయేది కాదు. దానికీ ఐసు ఖర్చు ఉంది, అదే రెన్యువల్. ఐసు ఖర్చు భరించగలిగినంత కాలం నువ్వు తొందరపడాల్సిన పని లేదు. కొనేవాళ్ళకు తెలియాల్సింది అదే, నువ్వు మాటల్లో చెప్పక్కర్లేదు, జవాబు ఇచ్చే తీరులోనే వాళ్ళకు తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆ 150 ఎవరన్నారో చూద్దాం. ముగ్గురిలో ఎవరైనా కావచ్చు. నీలాగే పేర్లు కొని అమ్మే మనిషి కావచ్చు, అతను నీ దగ్గర తక్కువకు కొని ఇంకొకరికి అమ్మాలి కాబట్టి పైకి రాడు. కొత్తగా వ్యాపారం పెట్టుకుంటున్న మనిషి కావచ్చు, రిజిస్ట్రేషన్ వెయ్యి రూపాయలైతే 150 డాలర్లు చాలా ఎక్కువ ఇస్తున్నానని మనస్ఫూర్తిగా అనుకుంటాడు. లేదా పెద్ద కంపెనీ తరఫున నీళ్ళ లోతు చూస్తున్న బ్రోకర్ కావచ్చు. మార్కెట్‌లో చాలాసార్లు అవతలివాళ్ళ పేరు కనబడదు. ఎవరో తెలియనప్పుడు ముగ్గురికీ పనికొచ్చే జవాబే ఇవ్వాలి. 8,000 అన్న జవాబు మూడోవాడికి ఒక్కడికే పనికొస్తుంది. మొదటివాడు ఎలాగూ పోతాడు, పోనీ. నువ్వు పోగొట్టుకోకూడని మనిషి రెండోవాడు. అతను 150 నుంచి 8,000 చూసి, ‘ఇది నాకు అందేది కాదు’ అనుకుని పేరు చివర ఇంకో మాట తగిలించి వెయ్యి రూపాయలకు వేరే పేరు తీసుకుంటాడు. అతని దృష్టిలో నీకు పోటీ ఆ వెయ్యి రూపాయల పేరే.

ధర ఎంత చెప్పాలన్నదానికి కాస్త పని చేయాలి, ఒక ఆదివారం సరిపోతుంది. నేమ్‌బయో అనే సైట్‌లో గతంలో బయటపడిన అమ్మకాలు ఉంటాయి. నీ పేరులోని రెండు మాటలూ విడివిడిగా వేసి చూడు. ప్రతి అమ్మకం పక్కన అది ఎక్కడ జరిగిందో ఉంటుంది, దాన్ని తప్పకుండా చూడు. వేలంలో పోయినవి చాలావరకు వ్యాపారులు తమలో తాము కొనుక్కున్న హోల్‌సేల్ ధరలు. ధర కట్టి అమ్మే మార్కెట్‌లో పోయినవి వాడుకునేవాళ్ళు ఇచ్చిన ధరలు. రెండూ కలిపి సగటు తీస్తే ఏ బజారు ధరా కాదు. 2019లో వాయిస్ డాట్ కామ్ 3 కోట్ల డాలర్లకు అమ్ముడైందన్న సంగతి నువ్వూ చదివే ఉంటావు. అది నిజమే, కానీ ఆ అంకెను మనసులో పెట్టుకుని మన పేర్లకు ధర కట్టకూడదు. కొన్ని సైట్లలో యంత్రం లెక్కగట్టి చూపే విలువలను కూడా కొనేవాళ్ళకు చూపించకు, అదే యంత్రం ఇంకో పేరుకు ఏం కట్టిందో వాళ్ళూ చూడగలరు.

దానికంటే విలువైనది ఇంకోటి ఉంది. నీ పేరులోని రెండు మాటలతో ప్రపంచంలో ఎన్ని కంపెనీలు నడుస్తున్నాయో వెతుకు. అదే పేరు డాట్ నెట్, డాట్ ఇన్, డాట్ కో తీసుకుని వాడుతున్నవాళ్ళు ఉన్నారా? ముందో వెనకో మాట తగిలించి ఈ మధ్యే ఎవరైనా రిజిస్టర్ చేశారా? అలాంటివాళ్ళు ఒక్కరున్నా ఆ పేరు అవసరం ఎక్కడుందో నీకు తెలిసినట్టే. రొయ్యల ఎగుమతి కంపెనీలో పని చేస్తున్నావు, రీఫర్ కంటైనర్ల వాళ్ళ దగ్గర్నుంచి చిల్లింగ్ ప్లాంట్ల వాళ్ళ దాకా నీకు తెలిసినంత పేర్లమ్మే మరొకరికి తెలియదు. నీ దగ్గరున్న అసలు బలం ఇదే, నువ్వు ఉత్తరంలో దీని గురించి ఒక్క మాటా రాయలేదు.

లోకువైపోతానా అని అడిగావు. పోవు. పదిహేను రోజుల తర్వాత ఒకసారి మెసేజ్ పెట్టడం లోకువ కాదు, వరసగా రోజూ పెడితే లోకువ. అయితే 8,000 అన్నాక ఒక్కసారిగా 2,000కు దిగకు, మొదటి అంకె ఉత్తిదని నువ్వే ఒప్పుకున్నట్టవుతుంది. దిగడానికి ఒక కారణం ఉండాలి, దిగినందుకు బదులుగా ఏదో ఒకటి అడగాలి. ఒకేసారి కట్టడం, నెలాఖరులోగా తేల్చడం అలాంటివి. నేనైతే ఇలా రాస్తాను: ‘మీ ఆఫర్‌కు కృతజ్ఞతలు. ఈ పేరు మీద మీకు ఇంకా ఆసక్తి ఉంటే, ఒకేసారి కట్టేట్టయితే 5,400 డాలర్లకు ఇవ్వగలను. వాయిదాలు కావాలంటే 6,000, నెలకు 250 చొప్పున 24 నెలలు. ఈ నెలాఖరు దాకా ఈ మాట మీద ఉంటాను.’ అంతే. నీ కష్టం, నీ రెన్యువల్ ఖర్చు, ఇంకెవరో కూడా అడుగుతున్నారన్న మాట, ఏవీ రాయకు. ఇంకెవరూ అడగనప్పుడు అడిగారని రాయడం అబద్ధం, పైగా వాళ్ళు ‘అయితే వాళ్ళకే ఇచ్చుకోండి’ అంటే నీ దగ్గర జవాబు ఉండదు.

వాయిదాల మాట ఊరికే చెప్పలేదు. కొన్ని మార్కెట్లలో ఈ సదుపాయం ఉంది, డబ్బు పూర్తిగా అందేదాకా పేరు ఆ మార్కెట్‌వాళ్ళ అదుపులోనే ఉంటుంది, మధ్యలో మానేస్తే నీకు తిరిగొస్తుంది. చిన్న వ్యాపారికి 5,400 కొండలా కనబడుతుంది, నెలకు 250 ఒక అద్దెలా కనబడుతుంది.

వాళ్ళు మళ్ళీ 500 అంటే 4,700 అను. వాళ్ళు 1,000కి వస్తే 4,250. 1,500కి వస్తే 4,000. గమనించావా, మొదట 700 దిగాం, తర్వాత 450, ఆ తర్వాత 250. దిగే మెట్టు ప్రతిసారీ చిన్నదవుతుంటే అడుగు దగ్గర పడిందని ఎదుటివాళ్ళకు తెలుస్తుంది. ప్రతిసారీ 500 చొప్పున దిగితే ఇంకా దిగుతాడులే అని కూర్చుంటారు. పూర్ణా మార్కెట్‌లో మసాలా దినుసులు అమ్మేవాళ్ళ దగ్గర ఒక అరగంట నిలబడి విను, ఈ మెట్లు చెవికే తెలుస్తాయి. జవాబు ఇవ్వడానికి ఒక రోజు తీసుకో. అర్ధరాత్రి ఐదు నిమిషాల్లో జవాబిస్తే ఎంత ఆత్రంగా ఉన్నావో తెలిసిపోతుంది. వారం దాటిస్తే వాళ్ళ ఉత్సాహం చల్లారుతుంది.

చిట్టచివరి అంకె ఎంత అన్నది మెసేజ్ పంపేముందే మీ ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాయండి, కాగితం మీ ఆవిడ దగ్గరుంచు. బేరం వేడిలో ఉన్నప్పుడు నీ తల నీ మాట వినదు, నా తలా వినదు. నన్నడిగితే ఈ పేరుకు నేను 1,800 దగ్గర ఆగుతాను, అంతకు తక్కువైతే మర్యాదగా వద్దంటాను. మీకు ఇప్పుడు డబ్బు అవసరమైతే మీ అంకె 1,200 కావచ్చు, అది తప్పు కాదు. 460 కిందికి మాత్రం దేనికీ పోకండి. ఒకటి గుర్తుంచుకో: చాలా మార్కెట్లలో నువ్వు కొట్టిన అంకెకు అటువాళ్ళు ‘సరే’ నొక్కితే అది ఒప్పందమే. తర్వాత మనసు మార్చుకోవడం కుదరదు.

నాకు జరిగింది కూడా చెప్తాను, నీకు జరగకూడదని. కొన్నేళ్ళ కిందట ఒక పేరుకు ఒకచోట 2,400 దగ్గర బేరం నడుస్తోంది. అవతలి మనిషి ఉన్నట్టుండి మాట ఆపేశాడు. మర్నాడు ఇంకో మార్కెట్ నుంచి మెయిల్ వచ్చింది, మీ పేరు 695కు అమ్ముడుపోయింది అని. ఎప్పుడో మొదట్లో అక్కడ ఆ ధర పెట్టి మరిచిపోయాను. ఆ మనిషి వెతుక్కుని వెళ్ళి అక్కడ కొన్నాడు. అతని తప్పేమీ లేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. నువ్వు మెసేజ్ పంపేముందు ఆ పేరు ఇంకెక్కడైనా లిస్టయి ఉందా, ఏ ధరకుందో చూడు. కొన్ని మార్కెట్లు నీ లిస్టింగ్‌ను పేర్లు రిజిస్టర్ చేసిపెట్టే రిజిస్ట్రార్ల సైట్లలోనూ చూపిస్తాయి, అక్కడి ధర కూడా సరిచూసుకో. పన్లో పని, కనీస ఆఫర్ పెట్టే వీలుంటే 500 అని పెట్టెయ్, ఇక 150లు నీ కంట పడవు.

మార్కెట్ బయట నేరుగా మెయిల్ వస్తే రెండు జాగ్రత్తలు. ‘5,000 ఇస్తాం, ముందు ఫలానా చోట విలువ సర్టిఫికెట్ తెప్పించండి’ అంటే అది మోసం, ఆ సర్టిఫికెట్ ఫీజే వాళ్ళ ఆదాయం. నిజంగా కొనేవాళ్ళయితే ఎస్క్రో ద్వారానే చెయ్, అంటే పేరు చేతులు మారేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గరుండే పద్ధతి. డబ్బు ఎస్క్రోకు చేరిందని ఆ సైట్‌లోకి నువ్వే అడ్రస్ టైప్ చేసి వెళ్ళి చూసుకున్నాక, అప్పుడు పేరు బదిలీకి కావాల్సిన రహస్య సంకేతం, ఆథ్ కోడ్, ఇవ్వు. వాళ్ళు పంపిన లింక్ నొక్కి చూస్తే చూసినట్టు కాదు. కొత్తగా రిజిస్టర్ చేసిన పేరైనా, ఈ మధ్యే రిజిస్ట్రార్ మార్చిన పేరైనా 60 రోజుల దాకా మరో రిజిస్ట్రార్‌కు కదలకపోవచ్చు, అది ముందే కొనేవాళ్ళకు చెప్పు. డబ్బు వచ్చాక మార్కెట్ ఇచ్చే ఇన్‌వాయిస్ దాచుకో, విదేశీ డబ్బు ఎందుకొచ్చిందని బ్యాంకు అడుగుతుంది. పన్ను సంగతి మీ ఆఫీసు ఆడిటర్‌ను అడుగు, ఆ అవకాశం నీకు చేతిలోనే ఉంది.

ఇక గూగుల్ పేర్లు. 2025 అక్టోబర్‌లో మన ఊళ్ళో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ఆ కంపెనీ ప్రకటించిన వారంలో ఎంతోమందికి నీకొచ్చిన ఆలోచనే వచ్చింది. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి స్థలాలు కొన్నట్టే ఇదీ అనుకున్నావు, కానీ ఇది స్థలం కాదు. స్థలానికి పక్కన ఏం కడుతున్నా అది నీదే. ఇక్కడ నువ్వు కొన్నదాంట్లో సగం వేరేవాళ్ళ ట్రేడ్‌మార్క్. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ పేర్ల తగాదాలు తేల్చడానికి 1999లో తెచ్చిన యూడీఆర్‌పీ అనే నిబంధనల్లో ఒక మాట స్పష్టంగా ఉంది: ట్రేడ్‌మార్క్ యజమానికే ఖర్చుకు మించిన ధరకు అమ్మడానికని పేరు రిజిస్టర్ చేయడం దురుద్దేశానికి సాక్ష్యం. అంటే నువ్వు రాయబోయే మెయిలే నీ మీద సాక్ష్యమవుతుంది. డాట్ ఇన్ పేర్లకు, వాటిని చూసే నిక్సీ సంస్థ దగ్గర ఇలాంటి విధానమే ఐఎన్‌డీఆర్‌పీ పేరుతో ఉంది. డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్‌లాంటి రక్షణ ఉంటుందని సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. ఆ రెండు పేర్లనూ అమ్మకం లిస్టుల్లోంచి ఈ రోజే తీసెయ్, వాటిలో ప్రకటనల పేజీ పెట్టి ఉంటే అదీ తీసెయ్, గడువు తీరాక వదిలెయ్.

ఊరి పేరుతో భయం లేదు. వైజాగ్ అన్నది ఎవరి సొత్తూ కాదు, దాని పక్కన ఇడ్లీ అనో ఇళ్ళనో చేరితే నీ ఇష్టం. పక్కన చేరేది ఒక సంస్థ పేరైనా, ఊరి పేరుతో కలిసే ఒక బ్రాండ్ అయినా, మన వైజాగ్ స్టీల్ లాంటిది, దూరంగా ఉండు. నీ కోల్డ్ స్టోరేజీ పేరును కూడా అమ్మేముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో ఒకసారి వెతికి చూడు. మామూలు మాటలే కాబట్టి చిక్కు ఉండకపోవచ్చు, అయినా పది నిమిషాల పని.

మెసేజ్ పంపేముందు ఒక్క పని మిగిలింది. ఆ పేరు గడువు ఎప్పుడో నువ్వు రాయలేదు. కొనేవాళ్ళు మాత్రం దాన్ని హూఈజ్‌లో, అంటే పేర్ల రిజిస్ట్రేషన్ వివరాలు వెతికే చోట, చూస్తారు, గడువు తేదీ అందరికీ కనబడుతుంది. ఇంకో నెలా రెండు నెలల్లో తీరిపోతుందని కనబడితే వదిలేస్తావేమో చూద్దామని ఆగుతారు, నీకు జవాబు ఇవ్వరు. 150 అన్న మనిషి మౌనానికి కారణం నీ 8,000 కాకుండా ఆ తేదీయే కావచ్చు. ఆ ఒక్క పేరుకు ఈ రోజే రెండేళ్ళు రెన్యువల్ కట్టు, కొత్త తేదీ హూఈజ్‌లో కనబడిందాకా ఆగు, ఆ తర్వాత మెసేజ్ పంపు.